క్రుంగిన మనస్సునకు శరణమార్గము



శివశరణుల మతమున దేహము హేయమైనది కాదు. ఇష్టలింగమును ధరించు అంగము గనుక అది పూజ్యమైన స్థానము. అట్టి అంగమునకు జబ్బు చేసినప్పుడు వైద్యుని యొద్దకు పోవుటకు ఏ భక్తుడును సంకోచింపడు. జ్వరముతో మూలుగువానిని చూచి "నీ భక్తి చాలలేదు" అని ఎవరును అనరు. కాని మనస్సునకు జబ్బు చేసినప్పుడు మాత్రము భక్తుల ఇండ్లలో సైతము ఆ మాటయే మొదట వినవచ్చును. "లింగపూజ చేయుచున్నావు గదా, నీకీ దిగులేమి?" అని పెద్దలందురు. ఆ మాట అనువారు ప్రేమతోనే అందురు. వినువానికి మాత్రము అది రెండవ భారమగును. మొదటిది దుఃఖము, రెండవది తాను భక్తిహీనుడనను సిగ్గు.

డిప్రెషన్ అని వైద్యులు చెప్పు ఈ క్రుంగుబాటు సాధారణమైన దిగులు వంటిది కాదు. ఆప్తులు పోయినప్పుడో, పంట చెడినప్పుడో కలుగు దుఃఖము సహజము. అది కాలక్రమమున తగ్గును. క్రుంగుబాటు అట్లు కాదు. రెండు వారములు గడచినను, దినమున అధికభాగము మనస్సు బరువుగానే యుండును. ఒకప్పుడు ప్రీతి కలిగించిన పని, పాట, బిడ్డల మాట ఏదియు రుచింపదు. నిద్ర చెడును, లేదా నిద్రయే అధికమగును. ఆకలి మారును. చిన్న పనికే అలసట కలుగును. బుద్ధి ఒకచోట నిలువదు. తానెందుకును పనికిరాననియు, అందరికిని భారమైతిననియు తోచును. కొందరికి మరణమును గూర్చిన ఆలోచనలు వచ్చును. పల్లెలలో అనేకులు దీనిని దుఃఖమని చెప్పరు. తలనొప్పి, ఒంటినొప్పులు, నీరసము, గుండెదడ అని చెప్పుకొని సంవత్సరముల తరబడి తిరుగుదురు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దలలో ఇంచుమించు ఇరువదిమందికి ఒకరు తమ జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనైనట్లు తేలినది. కావున భక్తుల గుంపు కూడిన ఏ మఠప్రాంగణమునందైనను ఈ బాధ నెరిగినవారు తప్పక యుందురు.

శరణులు తమ దుఃఖమును దాచుకొనలేదు. బసవేశ్వరుని వచనములలో తన మనస్సు చంచలత్వమును, తన లోపములను, తన వేదనను సంగమనాథుని ఎదుట నిస్సంకోచముగా చెప్పుకొన్నవి ఎన్నియో యున్నవి. అక్కమహాదేవి వచనములలో విరహవేదన నిండియున్నది. దుఃఖము కలుగుట భక్తిలోపమే యైనచో ఆ మహనీయులకు ఆ మాటలు వచ్చియుండవు. ఇది మొదట ఇంటింటను తెలియవలసిన సంగతి.

మందు లేని మార్గము కలదా?

ఇట్టి బాధలో నున్నవాడు సాధారణముగా గురువును గాని, ఇంటి పెద్దను గాని అడుగు ప్రశ్న యొకటి కలదు: "మందు లేకుండ దీనిని దాటవచ్చునా?" మందునకు భయపడి కొందరు, దాని వలన నిద్రమత్తు కలుగునని కొందరు, సంబంధములు చెడునని కొందరు ఈ ప్రశ్న వేయుదురు. దీనికి ఒక్కమాటలో అవునని గాని, కాదని గాని చెప్పుట క్షేమము కాదు. వ్యాధి తీవ్రతను బట్టి సమాధానము మారును.

వ్యాధి స్వల్పముగా నున్నప్పుడు మందు అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బ్రిటన్ దేశమునకు వైద్య మార్గదర్శకములు రూపొందించు జాతీయ సంస్థయు 2022లో ఇట్టి మాటయే చెప్పినది. తీవ్రత తక్కువగా నున్నవారికి, వారు తమంతట కోరిననే తప్ప, మొదటి చికిత్సగా మందును అలవాటుగా ఇయ్యవలదని దాని సూచన. మాటలతో చేయు చికిత్స, క్రమము తప్పని పనులు, వ్యాయామము, తోటివారి ఆదరణ మొదట రావలెను. వ్యాధి మధ్యస్థముగానో, తీవ్రముగానో యున్నచో ఇవి మందునకు తోడుగా నుండవలెను.

ఈ సాధనములను ఒక్కొక్కటిగా పరిశీలించినచో శరణుల ఆచారమునకు అవి పరాయివి కావని తెలియును. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున శరణులు ఈ వ్యాధికి చికిత్స కనిపెట్టిరని చెప్పుట అతిశయోక్తి యగును. కాని కాయకము, నిత్యనియమము, సంగము, దాసోహము అను నాలుగును వీరశైవుల ఇండ్లలో నేటికిని నిలిచియున్నవి. వానిని సరిగా గ్రహించి వాడుకొన్నచో క్రుంగినవానికి ఊత దొరకును. తప్పుగా గ్రహించినచో అవియే కొరడా దెబ్బలగును.

కాయకము

క్రుంగిన మనస్సు యొక్క మొదటి లక్షణము పని మానుట. ఉత్సాహము లేదు గనుక పని మానును. పని మానినందున రోజు శూన్యమగును. రోజు శూన్యమైనందున మనస్సు మరింత క్రుంగును. ఈ వలయమును తెంచుటకు వైద్యులు చెప్పు ఉపాయము సులభమైనది. ఉత్సాహము వచ్చువరకు వేచియుండక, చిన్న పని నొకదానిని నిర్ణీత కాలమున చేయవలెను. పని ముందు నడచును, ఉత్సాహము వెనుక వచ్చును.

దీని ఫలితము మన దేశముననే పరీక్షింపబడినది. గోవా రాష్ట్రమున పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, మధ్యస్థమును దాటిన తీవ్రత గల 495 మంది రోగులపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. అందు సలహా చెప్పినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్య జనులు. వారు రోగి ఇంటికి పోయి గాని, ఆరోగ్య కేంద్రమున గాని ఆరు మొదలు ఎనిమిది మార్లు కూర్చుండి, అతనికి అర్థవంతమైన చిన్న పనులను మరల మొదలుపెట్టించిరి. మూడు నెలలకు, సాధారణ వైద్యముతోపాటు ఈ సలహాను పొందినవారిలో నూటికి 64 మందికి వ్యాధి ఉపశమించినది. ఆ సలహా లేనివారిలో నూటికి 39 మందికి మాత్రమే ఉపశమించినది.

శరణ సంప్రదాయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ప్రసిద్ధము. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజల నేరుకొని తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు అనుభవ మంటపమున చర్చలో లీనుడై కాయకము మరచెను. లక్కమ్మ దానిని గుర్తుచేసి పంపినది. మరియొకనాడు అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ అంగీకరింపలేదు. ఆనాటికి చాలినంత ఉంచి, మిగిలినది తెచ్చినచోటనే విడిచిరమ్మన్నది.

క్రుంగినవాని ఇంట మొదటి కథ నొక్కదానినే చెప్పుట ప్రమాదము. మారయ్య పనిని మరచినాడు, క్రుంగినవాడు మరువలేదు. పని కనులయెదుటనే యున్నది గాని చేయి లేవదు. అట్టివానితో కాయకము కైలాసమని చెప్పి "లేచి పని చేయుము" అని గద్దించినచో, తాను కైలాసమునకును దూరమైతినని అతడు తలపోయును. ఆ ఇంట చెప్పవలసినది రెండవ కథ. కాయకమునకు కొలత కలదు. నేటికి చాలినంత చాలును. దుకాణము తెరచి రోజంతయు కూర్చుండలేనివాడు ఒక్క గంట కూర్చుండవచ్చును. వంటయంతయు చేయలేని ఇల్లాలు కూర తరిగియిచ్చినచో చాలును. అదియు కానినాడు పెరటిలోని బిల్వమొక్కకు ఒక చెంబెడు నీరు పోసినను అది కాయకమే. నేటి కొలత నెరవేరినప్పుడు దానిని గుర్తించి ఒక మంచిమాట చెప్పుట ఇంటివారి వంతు.

నిత్యనియమము

ప్రాతఃకాలమున లేచుట, స్నానము, విభూతిధారణ, ఇష్టలింగపూజ, పిమ్మట ఆహారము అను క్రమము వీరశైవునకు చిన్ననాటినుండి అలవడినది. రాత్రి నిద్ర పట్టినను, పట్టకున్నను ఉదయము ఒకే వేళకు లేచుట నిద్రను చక్కబరచు ముఖ్యోపాయమని నిద్రావైద్యులందురు. కావున పూజావేళను నిలుపుకొనుట నిద్రకును మేలు చేయును. ఉదయపు వెలుగు కన్నులకు సోకుట వలన దేహమునందలి రేయింబవళ్ల లయ సరియగును.

ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి దృష్టిని దానియందు నిలుపు సాధన చెదరిన మనస్సునకు ఆశ్రయ మియ్యగలదు. ఐతే ఇందును కొలత ముఖ్యము. వ్యాధి తీవ్రముగా నున్నప్పుడు గంటలకొలది ఏకాంతధ్యానము కొందరికి మేలు చేయదు. మూసిన గదిలో మనస్సు లింగమును విడిచి, చేసిన తప్పులనే మరల మరల తిరగవేయును. అట్టివారికి ఐదు నిమిషముల పూజ, అదియు ఇంటివారితో కలిసి చేయుట శ్రేయస్కరము. దృష్టి తప్పినప్పుడు తన్ను తాను నిందించుకొనక మెల్లగా మరల తెచ్చుకొనుటయే సాధన. అదేవిధముగా ఆకలి నశించినవానికి ఉపవాసవ్రతము చెప్పరాదు.

నడక మరియొక ఔషధము. ఉగాదికి కన్నడదేశమునుండి వేలాది భక్తులు నల్లమల అడవులగుండ కాలినడకను శ్రీశైలము చేరుదురు. క్రుంగినవాడు అంత నడువనక్కరలేదు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు చెమటపట్టునంత వేగముగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా వారమున ఐదు దినములు, దినమునకు అరగంట. మొదట వీధిచివరివరకు పోయివచ్చినను మంచిదే. తోడు నడచువాడొకడున్నచో అది నిలుచును.

ఆహారవిషయమున శాకాహారులైన భక్తులు ఒకటి గమనింపవలెను. బి12 అను విటమిను మొక్కలనుండి లభింపదు. పాలు, పెరుగు తగినంత లేని శాకాహారికి దాని లోపము కలుగవచ్చును. ఆ లోపము వలన నీరసము, మతిమరుపు, మనోవైకల్యము కలుగును. థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తహీనత యున్నను క్రుంగుబాటు వంటి లక్షణములే కనబడును. కావున మొదట రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. మద్యము దుఃఖమును మరపించునట్లు తోచినను, నిద్రను చెరచి వ్యాధిని పెంచును.

సంగము, మాట

అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడుగా, చాకలి, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, స్త్రీలు, పురుషులు కూడి తమ తమ అనుభవములను చెప్పుకొన్నారని సంప్రదాయము. పాల్కురికి సోమనాథుడు తెనుగున బసవపురాణమును రచించి, మడివాలు మాచయ్య వంటి శరణుల కథలను తెలుగువారి కందించినాడు. తన లోపలి సంగతిని నలుగురి మధ్య చెప్పుట, నలుగురు దానిని ఎగతాళి చేయక వినుట ఈ మతమునకు పునాది.

మాటలతో చేయు చికిత్స నేడు వైద్యశాస్త్రమున స్థిరపడినది. అమెరికా దేశపు వైద్యుడు ఏరన్ బెక్ 1960ల దశకమున రూపొందించిన పద్ధతిలో, రోగి తన తలంపులను తానే సాక్ష్యము లడిగి పరీక్షించుట నేర్చుకొనును. "నేను దేనికిని పనికిరాను" అను తలంపు వచ్చినప్పుడు దానిని సత్యమని నమ్మక, "దీనికి నిదర్శన మేమి? దీనికి విరుద్ధమైన నిదర్శన మేమైన కలదా?" అని ప్రశ్నించును. ఇట్టి చికిత్సను శిక్షణ పొందిన మనస్తత్త్వవేత్త యొద్ద పొందుట ఉత్తమము. ఇంటివారు చేయగలది వినుట. ఉపదేశము తగ్గించి వినవలెను. "నీకంటె కష్టపడువారు లేరా?" అను మాట సత్యమే కావచ్చును గాని, దాని వలన ఎవరికిని బరువు తగ్గదు. "ఎప్పటినుండి ఇట్లున్నది? రాత్రులు ఎట్లు గడచుచున్నవి?" అని అడిగి మౌనముగా వినుట మేలు.

దాసోహమును గూర్చియు ఒక మాట. ఇచ్చుట ఎట్లు ధర్మమో, అవసరమైనప్పుడు పుచ్చుకొనుటయు అట్లే ధర్మము. జీవితమంతయు పదిమందికి పెట్టిన చేయి, తనకు సాయము కావలసివచ్చినప్పుడు సిగ్గుపడును. పంక్తిలో వడ్డించినవాడు వేరొకనాడు అదే పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరించును గదా. అందు లోపము లేదు. కోలుకొనుచున్నవానికి మాత్రము మఠమున ఆకులు పరచుట వంటి చిన్న సేవ అప్పగించినచో, తాను మరల పదిమందికి అక్కరకు వచ్చితినను తృప్తి కలుగును.

మందు అవసరమైనప్పుడు

ఇంతవరకు చెప్పిన సాధనములకు హద్దు కలదు. ఆ హద్దు నెరుగకుండ "మందు వలదు, భక్తి చాలును" అని చెప్పుట పాపమునకు సమానము. తిండి, నిద్ర మానినవానికి, మాట తగ్గి గోడవైపు తిరిగి పరుండువానికి, లేని మాటలు వినబడువానికి, కాన్పు పిమ్మట బిడ్డను ఎత్తుకొనుటకును ఓపిక లేని తల్లికి, మరణమును తలచువానికి ఆలస్యము లేకుండ వైద్యుడు కావలెను. పూర్వము ఎప్పుడైన కారణము లేని మితిమీరిన ఉత్సాహము, నిద్ర అక్కరలేని చురుకుదనము, విచ్చలవిడి ఖర్చు కనబడియున్నచో ఆ సంగతిని వైద్యునకు తప్పక చెప్పవలెను. అది వేరొక వ్యాధి కావచ్చును. దానికి మందు అవసరము.

మందులను గూర్చి అపోహలు కలవు. క్రుంగుబాటునకిచ్చు మందులు మత్తుపదార్థముల వలె వ్యసనమును కలిగించునవి కావు. గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. కావున వారము వాడి గుణము లేదని మానరాదు. నయమైన పిమ్మటను సాధారణముగా ఆరునెలలైన కొనసాగింపుమందురు. మానవలసివచ్చినప్పుడు వైద్యుని సలహాపై క్రమక్రమముగా తగ్గింపవలెను. ఒక్కసారిగా మానినచో తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు కలుగును, వ్యాధి తిరుగబెట్టవచ్చును. వ్రతము పట్టినామనియో, యాత్రకు పోవుచున్నామనియో మందును నిలుపుట ఏ ఆచారమునను లేదు. మూలికామందులు వాడువారు ఆ సంగతిని వైద్యునకు చెప్పవలెను. కొన్ని మూలికలు ఈ మందులతో కలిసినప్పుడు హాని కలిగించును.

మరణమును గూర్చి తలచుచున్నాడేమో యని అనుమానము కలిగినప్పుడు సూటిగా అడుగవలెను. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. అడుగువాడొకడున్నాడని తెలిసి అతనికి ఊరట కలుగును. ఇంట పురుగుమందులున్నచో తాళము వేసిన చోటికి మార్చవలెను, అతనిని ఒంటరిగా విడువరాదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగున మాట్లాడువారు కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పింపవలెనని చెప్పుచున్నది. కావున కేసు భయముతో ఆసుపత్రికి పోక దాచియుంచుట తగదు. బళ్లారి జిల్లాలో 1980ల దశకమున నిమ్హాన్స్ జరిపిన ప్రయోగము ఆధారముగా 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఈ చికిత్సను జిల్లాలకు చేర్చుటకై ఏర్పడినది.

జంగమము నడచి పోవలెను

క్రుంగినవాడు మఠమునకు రాడు. జాతరకు రాడు, పెండ్లికి రాడు, పిలిచినను పలుకడు. అతడు రాలేదని నిందించుట సులభము. కాని అష్టావరణములలో జంగమమునకు స్థానమిచ్చిన మతమున ఆ నింద పొసగదు. స్థావరము ఉన్నచోటనే యుండును, జంగమము నడచును. భక్తుడు రాలేనిచోట జంగమమే వాని వాకిటికి పోవలెను. గోవాలో ఆ సామాన్య జనులు చేసినదియు ఇదియే. తలుపు తట్టి, కూర్చుండి, విని, మరల వచ్చెదమని చెప్పి, చెప్పినట్లు మరల వచ్చిరి.

ఈ సేవకు మఠములు, సంఘములు పూనుకొనవచ్చును. మూడు నెలలుగా కనబడని భక్తుడెవ్వడో గమనించుట, ఇద్దరు పోయి పలుకరించుట, ఉదయపు నడకకు తోడుగా పిలుచుట, వైద్యుని యొద్దకు పోవుటకు జంకుచున్నచో వెంట పోవుట, మందు వాడుచున్నచో "మంచిపని చేయుచున్నావు" అని చెప్పుట. వీనికి ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. పంచాచారములలో శరణులకు సేవకులై మెలగుటను నేర్పు భృత్యాచారమునకు ఇంతకంటె తగిన కార్యము వేరొకటి లేదు. మఠపీఠము నధిష్ఠించిన గురువు ఒక్కసారి బహిరంగముగా "ఇది జబ్బు, ఇది తప్పు కాదు, మందు వాడుట భక్తికి విరుద్ధము కాదు" అని పలికినచో, ఎన్ని ఇండ్లలోనో మూసిన తలుపులు తెరచుకొనును.

నేడు లింగమును చేతనుంచుకొనియు దృష్టి నిలువక కన్నీరు కార్చు భక్తుడు శివునికి దూరమైనవాడు కాడు. అతనికి కావలసినది తీర్పు కాదు, తోడు. నేటికి చాలినంత కాయకము, వేళకు అన్నము, ఒక మనిషి మాట, అవసరమైనచో వైద్యుని మందు అతనికి అందునట్లు చూచుట శరణబంధువులందరి ధర్మము.